ఉప్పుకు దగ్గరి చుట్టం

(ఒడిశాలోని పర్లాకిమిడిలో తెలుగువాళ్లు జరుపుకున్న ఒక సాయంకాలపు సభలో మానసిక వైద్యుడొకరు లిథియం అనే మందు గురించి చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే ఉంచాం. రోగుల ఊళ్లూ వివరాలూ ఆయనే మార్చి చెప్పారు.)

అందరికీ నమస్కారం. మైకు గీ అంటోంది, కాస్త దూరంగా పెట్టుకుంటాను. వెనక కుర్చీల్లో వాళ్లకి వినబడుతోందా? సరే.

మేస్టారు నన్ను పరిచయం చేస్తూ పెద్ద డాక్టరన్నారు. పెద్దా లేదు, చిన్నా లేదు, నేను ఈ ఊరి గుంటణ్నే. మహేంద్రతనయలో ఈత నేర్చుకున్నాను. పాతపట్నం నీలమణి దుర్గమ్మ గుడికి నడిచెళ్లి, ప్రసాదం తిని, నడిచొచ్చేసేవాణ్ని. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, పరీక్షలో ఇంగ్లీషు. మీలో సగం మంది చదువు కూడా ఇంతే కదా.

ఈ ఊళ్లో మైకు పట్టుకున్నవాడు గిడుగు రామమూర్తి పంతులు గారి పేరెత్తకుండా కిందికి దిగకూడదు. నేనూ ఎత్తుతాను, కానీ వాడుకభాష గురించి కాదు. పంతులుగారు ఇక్కడ పాఠాలు చెప్పుకుంటూ, సవరల భాష నేర్చుకోవాలని కొండల్లో గూడేలకి వెళ్లేవారు. మలేరియా పట్టుకుంది. అప్పట్లో మలేరియాకి మందు క్వినైన్. జ్వరం తగ్గింది, చెవులు పోయాయి. సవరల నోటిమాట పట్టుకోడానికి వెళ్లిన మనిషికి చెవుడొచ్చింది. ఆ చెవుడుతోనే సవర భాషకి నిఘంటువు రాశారు. ప్రాణం నిలిపిన మందే చెవులు తీసుకుంది. ఆ మందు మంచిదా చెడ్డదా అని నన్నడిగితే, ఎంత ఇచ్చారు, ఎవరు చూసుకున్నారు అని తిరిగి అడుగుతాను.

ఈరోజు చెప్పబోయేది కూడా అలాంటి మందు గురించే. దాని పేరు లిథియం. మీ జేబులో ఫోను బ్యాటరీలో ఉన్నది అదే. కంగారు పడకండి, మేం బ్యాటరీలు మింగించం. (నవ్వులు)

ముందు మా చిన్నాన్న సంగతి చెప్పాలి. మా ఇంట్లో వాళ్లని అడిగే చెబుతున్నాను.

మా చిన్నాన్న టైలరు. ప్యాలెస్ వైపు వెళ్లే వీధిలో ఒక చిన్న అరుగు, దాని మీద కుట్టుమిషను. మాట తక్కువ మనిషి. నాకు పదేళ్లప్పుడు, వినాయక చవితి వెళ్లాక, ఆయన నిద్రపోవడం మానేశాడు. నిద్ర పట్టక బాధపడ్డాడని కాదు. ఆయనకి నిద్ర అక్కర్లేకపోయింది. రెండు గంటలు పడుకుని, ఎనిమిది గంటలు పడుకున్నవాడికన్నా హుషారుగా లేచేవాడు. నిద్ర పట్టకపోవడం వేరు, నిద్ర అక్కర్లేకపోవడం వేరు. ఇదొక్కటి కనిపెడితే చాలాసార్లు జబ్బు ముదరకముందే పట్టుకోవచ్చు.

ఆ రాత్రుళ్లలో మా వీధి మగపిల్లలందరికీ చొక్కాలు కుట్టేశాడు. ఎవరూ అడగలేదు. కొలతలు తీసుకోలేదు. మనిషిని చూసి కుట్టేశాడు. విచిత్రం ఏమిటంటే అన్నీ సరిపోయాయి. నాకు నీలం చారల చొక్కా వచ్చింది. నేను ఎగిరి గంతేశాను. పిల్లలందరికీ ఆయన దేవుడైపోయాడు. గుడ్డ మాత్రం షావుకారు దగ్గర అరువు. ఆ అప్పు తీర్చడానికి మా పిన్ని మెడలోవి తాకట్టు పెట్టింది.

తర్వాత వారం హుషారు కాస్తా కోపమైంది. కలెక్టరు నన్ను రమ్మన్నాడు అన్నాడు. గుణుపూర్ రైలు నా మాట మీదే నడుస్తోంది అన్నాడు. వద్దన్నందుకు మా తాత మీద చెయ్యి చేసుకున్నాడు. అప్పుడిక తాళ్లతో దూలానికి కట్టారు. 'ఎవులో చిల్లంగి పెట్టినారు' అన్నారు. ఎజ్జోణ్ని, అదే మంత్రగాణ్ని, పిలిచారు, కోడిని కోశారు. ఆ ఎజ్జోణ్ని నేను తిట్టను. ఆయన రాత్రంతా మా ఇంట్లో కూర్చున్నాడు, మా పిన్ని ఏడిస్తే ఓదార్చాడు. మా డాక్టర్లం ఎంతమందిమి రాత్రంతా కూర్చుంటాం? కానీ చిన్నాన్న మాత్రం తగ్గలేదు.

రెండు నెలలకి దానంతట అదే దిగింది. దిగి ఆగలేదు, ఇంకా కిందికి పోయింది. గోడవైపు తిరిగి పడుకున్నాడు. తిండి లేదు, మాట లేదు. 'నానెందుకు బతకాలి' అని ఒక్కసారి అన్నాడట. మా వైద్యంలో దీన్ని బైపోలార్ జబ్బు అంటాం. తెలుగులో ద్విధ్రువ అని ఏదో రాస్తున్నారు, నాకా మాట నోరు తిరగదు. మా పిన్ని పెట్టిన పేరే బాగుంటుంది: 'ఎక్కుడూ దిగుడూ జబ్బు'.

ఎవరో చెబితే విశాఖపట్నం తీసుకెళ్లారు. తిరిగొచ్చేటప్పుడు చేతిలో మందుచీటీ ఉంది. లిథియం కార్బొనేట్. 'ఇదేటి మందు బాబూ' అని మా పిన్ని అడిగితే, పాపం ఆ డాక్టరుగారు తేలిగ్గా అర్థమవ్వాలని 'ఉప్పులాంటిదమ్మా' అన్నారట. ఈ ఒక్క మాట దగ్గరికి మళ్లీ వస్తాను. ఆ మాటే మా చిన్నాన్నని చావు అంచుదాకా తీసుకెళ్లింది.

ఈ మందుని కనిపెట్టినాయన పేరు జాన్ కేడ్. ఆస్ట్రేలియా వాడు. 1912లో పుట్టాడు. వాళ్ల నాన్నా డాక్టరే, మానసిక ఆసుపత్రుల్లో పనిచేశాడు. ఆ ఆసుపత్రి ఆవరణల్లోనే పిల్లలు పెరిగారు. మనం పిచ్చాసుపత్రి గోడ పక్కనుంచి వెళ్లేటప్పుడు అడుగులు గబగబా వేస్తాం, ఆయనకి ఆ గోడ లోపలే ఆటస్థలం. రెండో ప్రపంచ యుద్ధంలో సింగపూరు పడిపోయినప్పుడు జపానువాళ్లకి చిక్కి, చాంగీ బందీల శిబిరంలో మూడున్నరేళ్లు ఉన్నాడు. తిండి సరిగా లేక, విటమిన్లు లేక తోటి బందీలకి ఏమేం జబ్బులు వస్తున్నాయో, ఒంట్లో లోపం మనసు మీదికి ఎలా వస్తోందో అక్కడ కళ్లారా చూశాడు. పిచ్చి అనేది పెంపకం వల్లో పాపం వల్లో వచ్చేది కాదు, రక్తంలో ఏదో తేడా అయ్యుంటుందని ఆయన మనసులో పడింది.

యుద్ధం అయ్యాక మెల్‌బోర్న్ దగ్గర బుందూరా అనే చోట, మాజీ సైనికుల మానసిక ఆసుపత్రిలో చేరాడు. ప్రయోగశాల అంటే ఏమీ లేదు. వాడకుండా వదిలేసిన వంటసామాన్ల గది ఒకటి. రోగుల మూత్రం సీసాల్లో పట్టి ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టేవాడట. వాళ్లావిడ ఏమనుకుందో చరిత్రకారులు సరిగా రాయలేదు. (నవ్వులు)

ఆయన లెక్క ఇది. థైరాయిడ్ ఎక్కువైతే మనిషి దడదడలాడతాడు, తక్కువైతే మందకొడిగా అయిపోతాడు. అలాగే ఒంట్లో ఉండే ఏదో పదార్థం ఎక్కువైతే ఎక్కుడు జబ్బు, తక్కువైతే దిగుడు జబ్బు కావచ్చు. ఎక్కువైనది మూత్రంలో బయటికి రావాలి కదా. అందుకని ఉన్మాదంలో, అంటే ఎక్కుడులో, ఉన్నవాళ్ల మూత్రాన్ని గినీ పందులకి ఎక్కించి చూశాడు. మూత్రంలో ఉండే యూరిక్ ఆమ్లం పాత్ర తేల్చుకోవాలనుకున్నాడు, అది నీళ్లలో సరిగా కరగదు. కరిగే రూపం కావాలి. యూరిక్ ఆమ్లం లవణాల్ని యూరేట్లు అంటారు, వాటిలో బాగా కరిగేది లిథియం యూరేట్. అలా వచ్చింది లిథియం ఈ కథలోకి. కరుగుతుందని పిలిచారంతే, పెళ్లికి సామాన్లు మోయడానికి వచ్చినవాడే పెళ్లికొడుకైనట్టు. తర్వాత ఉత్త లిథియం కార్బొనేట్ ఎక్కించి చూస్తే గినీ పందులు రెండు గంటలకి చల్లబడి, వెల్లకిలా తిప్పి పడుకోబెట్టినా పెనుగులాడకుండా ఉండిపోయాయి. నిద్రపోలేదు, కళ్లు తెరిచే ఉన్నాయి.

నిజం చెప్పాలంటే ఆయన ఊహ తప్పు. మూత్రంలో అలాంటి విషం ఏదీ లేదు. గినీ పందులు ప్రశాంతపడ్డాయో, లిథియం మోతాదెక్కి నీరసించాయో అని తర్వాతివాళ్లు అనుమానపడ్డారు కూడా. పొరపాటు దారిన వెళ్లి సరైన ఇంటి తలుపు కొట్టాడు. కానీ ఒక మాట చెప్పుకోవాలి, మనుషులకి ఇచ్చేముందు ఆ మందుని తనే మింగి చూసుకున్నాడు.

ఇక అసలు మనిషి దగ్గరికి వద్దాం. వైద్యపత్రికలో ఆయన పేరు రెండు అక్షరాలే, డబ్ల్యు.బి. వయసు 51. ఐదేళ్లుగా దిగని ఉన్మాదం. ఒక్కచోట కూర్చోడు, బట్టలు చింపుతాడు, అందరి పనుల్లో వేలు పెడతాడు, వార్డులో అందరికీ తలనొప్పి. 1948 మార్చి 29న ఆయనకి లిథియం మొదలుపెట్టారు. నాలుగైదు రోజుల్లో తేడా కనబడింది. మూడు వారాలకి కోలుకుంటున్నవాళ్ల వార్డులో ఉన్నాడు. జూలై 9న ఇంటికెళ్లాడు. పాత ఉద్యోగంలో చేరాడు. ఐదేళ్లు ఎవరూ మళ్లీ మనిషవుతాడనుకోని మనిషి, మూడున్నర నెలల్లో పనిలోకి వెళ్లాడు.

పాఠాల్లో ఈ కథ ఇక్కడితో ఆపేస్తారు. చప్పట్లు కొట్టించుకునే చోటు ఇదే. నాకు తర్వాతి భాగమే కావాలి.

ఇంటికెళ్లిన డబ్ల్యు.బి. మందు విషయంలో నెమ్మదిగా అశ్రద్ధ చేశాడు. తర్వాత పూర్తిగా మానేశాడు. ఆరు వారాలకి పైగా వేసుకోలేదని చుట్టాలు చెప్పారు. 1949 జనవరి 30న మళ్లీ ఆసుపత్రిలో, మళ్లీ మొదటి స్థితిలో. మందు మొదలుపెడితే మళ్లీ తగ్గాడు. ఆ సెప్టెంబరు 3న ఆస్ట్రేలియా వైద్యపత్రికలో కేడ్ వ్యాసం వచ్చింది, ఉన్మాదం ఉన్న పదిమందిలో ఏం జరిగిందో రాశాడు. ఆ మరుసటి ఏడు, 1950 మేలో, డబ్ల్యు.బి. చనిపోయాడు. జబ్బుతో కాదు. లిథియం ఒంట్లో ఎక్కువై.

చూశారా. మొట్టమొదటి రోగిలోనే మొత్తం ఉంది. మందు పనిచేయడం, బాగయ్యాక మానేయడం, జబ్బు తిరగబెట్టడం, మందే విషం కావడం. డెబ్బైఅయిదేళ్లుగా మేం చూస్తున్నవి ఈ నాలుగే. కేడ్ అంతటివాడు ఆ చావుతో బెదిరిపోయి లిథియం నుంచి దూరం జరిగాడు. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది కూడా అక్కడే. తను కనిపెట్టిన మందు కదా అని మొండికేయలేదు.

అసలు లోపం ఎక్కడుంది? రక్తంలో మందు ఎంతుందో కొలిచే పద్ధతి అప్పటికి ఆయన చేతిలో లేదు. అదే 1949లో అమెరికాలో గుండెజబ్బువాళ్లకి మామూలు ఉప్పు బదులు లిథియం ఉప్పు అమ్మారు. కూరలో చల్లుకున్నారు. కొందరు చచ్చిపోయారు. దాంతో లిథియం పేరు చెబితే డాక్టర్లు పారిపోయే పరిస్థితి వచ్చింది. ఒకప్పుడు సెవెనప్ కూల్‌డ్రింకులో కూడా కొంచెం లిథియం ఉండేది, తర్వాత తీసేశారు. ఇది నేను చెబితే ఎవరూ నమ్మరు, నిజమే.

మెల్‌బోర్న్‌లోనే ట్రాట్నర్ అనే ఆయన, నోయాక్ అనే డాక్టరుతో కలిసి వందమందికి పైగా రోగులకి లిథియం ఇచ్చి, రక్తంలో మోతాదు కొలుస్తూ 1951లో వ్యాసం రాశాడు. పేరు కేడ్‌కి వచ్చింది గానీ, మనుషులు చావకుండా వాడడం నేర్పింది ఇలాంటివాళ్లే. తర్వాత డెన్మార్క్‌లో మోగెన్స్ షౌ. ఆయన తమ్ముడికి దిగుడు జబ్బు, ఏటా తిరగబెట్టేది. ఇంట్లో రోగి ఉన్న పరిశోధకుడు. నాకు చుట్టంలా అనిపిస్తాడు. 1954లో ఆయన బృందం రోగుల్లో ఎవరికి లిథియం, ఎవరికి మందు లేని ఉత్త బిళ్ల అనేది నాణెం ఎగరేసి తేల్చింది. బొమ్మా బొరుసా! వినడానికి తేలికగా ఉంటుంది గానీ, డాక్టరు ఇష్టాయిష్టాలు మధ్యలో దూరకుండా అదొక్కటే కాపలా.

ఇంగ్లాండులో కొందరు పెద్దలు ఒప్పుకోలేదు. జబ్బు మళ్లీ రాకుండా లిథియం ఆపుతుందనేది కట్టుకథ అన్నారు. అప్పుడు బాస్ట్రప్ అనే ఇంకో డాక్టరూ, షౌ వాళ్లూ 1970లో ఇంకో పరీక్ష ముందుకు తెచ్చారు. లిథియం మీద కుదురుగా ఉన్న 84 మందిని తీసుకుని, కొందరికి వాళ్లకి తెలియకుండా ఉత్త బిళ్లలకి మార్చారు. ఐదు నెలల్లో ఉత్త బిళ్లలవాళ్లు 39 మందిలో 21 మందికి జబ్బు తిరగబెట్టింది. లిథియం వేసుకుంటున్న 45 మందిలో ఒక్కరికీ తిరగబెట్టలేదు. ఇవాళైతే అలాంటి పరీక్షకి నీతి సంఘాలు అంత తేలిగ్గా ఒప్పుకోవు, అది వేరే సంగతి. అమెరికా అనుమతి ఇచ్చింది కూడా ఆ 1970లోనే. ఇరవైయేళ్లు ఎందుకు పట్టిందంటే భయం ఒకటి, ఇంకోటి డబ్బు. భూమిలోంచి తవ్వితే వచ్చే ఉప్పుకి పేటెంటు ఎవడిస్తాడు? లాభం లేని మందుకి ప్రచారం ఎవడు చేస్తాడు?

ఇప్పుడు మా పిన్ని ఉప్పు దగ్గరికి వస్తాను.

డాక్టరు 'ఉప్పులాంటిది' అన్నారు కదా. మా పిన్ని తెలివైంది, లెక్క వేసుకుంది. మందులోనే ఉప్పుంటే కూరలో ఉప్పెందుకు, ఎక్కువైపోదూ అని చిన్నాన్నకి చప్పిడి కూడు మొదలుపెట్టింది. ప్రేమతోనే. పది పదిహేను రోజులయ్యేసరికి ఆయన సూదిలో దారం ఎక్కించలేకపోయాడు. చేతులు వణికాయి. తర్వాత వాంతులు, విరేచనాలు, మాట ముద్దగా, నడక తాగినవాడిలా. తాగాడేమోనని మా తాత మళ్లీ తిట్టాడు. నశీబు బాగుండి మందు అయిపోయింది, కొనడానికి ఆ వారం డబ్బుల్లేవు. ఆ పేదరికమే బతికించింది.

ఎందుకలా జరిగింది? లిథియం, సోడియం ఒకే ఇంటి పిల్లలు. మన మూత్రపిండాలు వీళ్లిద్దరినీ సరిగా పోల్చుకోలేవు. ఒంట్లో ఉప్పు తగ్గిందనుకోండి, మూత్రపిండం ఉన్నదాన్ని వదలకుండా లోపలికి లాక్కుంటుంది, కూడా లిథియాన్నీ లాక్కుంటుంది. అంటే ఉప్పు తగ్గిస్తే మందు పెరుగుతుంది, బిళ్లలు అవే అయినా. నీళ్లు తగ్గినా ఇంతే. మన ఊళ్లో వైశాఖంలో ఎండలో పనిచేసి చెమటోడ్చిన రోజు, విరేచనాలు పట్టుకున్న రోజు, కార్తీక సోమవారం నీళ్లు కూడా ముట్టకుండా ఉపవాసమున్న రోజు, ఈ మందు వేసుకునేవాళ్లకి అవి ప్రమాదపు రోజులు. మన తరవాణి మంచిదే, ఒడియావాళ్ల పఖాళ మంచిదే, ఉప్పు వేసుకుని తాగండి, రోజూ ఒకేలా తినండి. ఒకరోజు ఉప్పుచేప, మర్నాడు చప్పిడి, అది కుదరదు. బీపీ ఉన్నవాళ్లు ఉప్పు తగ్గించాలంటే తగ్గించండి, కానీ లిథియం ఇచ్చే డాక్టరుకి చెప్పి తగ్గించండి.

ఇంకోటి, నొప్పి బిళ్లలు. ఇది ఎంత చెప్పినా తక్కువే. మన జిల్లాలోంచీ గంజాంలోంచీ ఎంతమంది కుర్రాళ్లు సూరత్ మగ్గాలకి వెళ్తారో మీకు తెలుసు. అలాంటి ఒక కుర్రాడు, 26 ఏళ్లు. అక్కడ రాత్రి షిఫ్టులు. రోజుకి పన్నెండు గంటల నిలుచుడు. నిద్ర చెదిరితే ఈ జబ్బున్నవాళ్లకి ఎక్కుడు మొదలవుతుంది, వాడికీ అలాగే మొదలైంది. ఇక్కడికి తీసుకొస్తే లిథియంతో బాగయ్యాడు. మళ్లీ వెళ్లాడు. మే నెలలో చెల్లి పెళ్లికి వచ్చాడు. రైల్లో రెండు రోజులు నీళ్లు సరిగా లేవు. కాళ్ల నొప్పులని షాపులో డైక్లోఫెనాక్ కొనుక్కుని పూటకొకటి వేసుకున్నాడు. పెళ్లిపందిట్లో తూలుతున్నాడు. 'తాగి వచ్చాడు' అని మావయ్యలు కొట్టారు. నా దగ్గరికి తెచ్చేసరికి రక్తంలో లిథియం 2 దాటింది. బరంపురం పంపించాం, సెలైను పెట్టి, వారం రోజులు చూసి పంపారు. బతికాడు. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, బీపీకి ఇచ్చే కొన్ని నీటి బిళ్లలు (మూత్రం ఎక్కువ పోయించేవి), ఇవి లిథియాన్ని బయటికి పోనివ్వవు. నొప్పికి ఏది వేసుకోవాలో అడగండి, మామూలుగా పారాసెటమాల్ చెబుతాం.

రక్తంలో ఎంత ఉండాలి? చాలామందికి లీటరుకి 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ మధ్య ఉంచుతాం, పెద్దవయసు వాళ్లకి ఇంకాస్త తక్కువ. 1.5 దాటితే తేడాలు మొదలు, 2 దాటితే ప్రమాదం. పనిచేసే మోతాదుకీ చంపే మోతాదుకీ మధ్య ఇంత సన్నని గట్టు ఉన్న మందులు మనకి తక్కువ. అందుకే రక్తపరీక్ష. రాత్రి బిళ్ల వేసుకున్నాక పన్నెండు గంటలకి రక్తం తీయాలి. పొద్దున్న బిళ్ల వేసుకోకుండా రావాలి. కుదురుకున్నాక మూడు నుంచి ఆరు నెలలకోసారి, దాంతోపాటు థైరాయిడ్, మూత్రపిండాల పరీక్షలు. ఈ మందు కొందరికి థైరాయిడ్ తగ్గిస్తుంది, ఏళ్ల తరబడి వాడితే కొందరికి మూత్రపిండాలు దెబ్బతింటాయి. దాచడానికేం లేదు. దాహం ఎక్కువవుతుంది, చేతులు కొంచెం వణుకుతాయి, బరువు పెరుగుతారు.

మనకొచ్చిన చిక్కు ఏమిటంటే బిళ్ల చవక, పరీక్ష దూరం. నెల బిళ్లల కన్నా పరీక్షకి వెళ్లే బస్సు ఛార్జీలూ ఒకరోజు కూలీ ఎక్కువ. డాక్టరు శ్రీకాకుళంలో, ల్యాబు ఇంకో ఊళ్లో, ఉచిత మందుల కార్డు ఏమో ఒడిశాది. అటు వెళ్తే మీరు ఇటువాళ్లంటారు, ఇటు వస్తే మీ చీటీ అటుది అంటారు. మన బతుకే అంత కదా.

ఒక టీచరమ్మ గురించి చెప్పి ముందుకెళ్తాను, ఇది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ఏడేళ్లు లిథియం మీద చక్కగా ఉన్నావిడ. ఒక పెద్ద ఊళ్లో, పేరు వద్దు, ఒక ల్యాబులో రక్తం ఇచ్చింది. రిపోర్టు 3.1 వచ్చింది. అంత ఉంటే మనిషి మంచం మీద ఉండాలి. ఆవిడ స్కూటీ నడుపుకుంటూ ఆసుపత్రికి వెళ్లింది. అక్కడి డాక్టరు కాగితం చూసి ఆ క్షణమే మందు ఆపించేశాడు, మళ్లీ పరీక్ష చేయించలేదు. ఆరు వారాల్లో జబ్బు తిరగబెట్టింది, ఉద్యోగం మీదికి వచ్చింది. తర్వాత మేం ఆరా తీస్తే తేలింది ఏమిటంటే, రక్తాన్ని ఆకుపచ్చ మూత గొట్టంలో తీశారు. ఆ గొట్టాల్లో కొన్నింటిలో రక్తం గడ్డకట్టకుండా లిథియం హెపారిన్ ఉంటుంది. గొట్టంలో లిథియం పెట్టి, రక్తంలో లిథియం ఎక్కువుందన్నారు! ఈ సభలో ల్యాబుల్లో పనిచేసే పిల్లలు ఇద్దరు ముగ్గురున్నారు, వాళ్లకోసమే చెబుతున్నాను. మీరు కూడా రక్తం ఇచ్చేటప్పుడు 'బాబూ, ఇది లిథియం పరీక్ష' అని నోటితో చెప్పండి.

ఇదంతా విని లిథియం అంటేనే భయపడకండి. ఇంత గొడవపడి ఎందుకిస్తామంటే, తిరగబెట్టకుండా ఆపడంలో ఇప్పటికీ దీన్ని మించింది కష్టం. ఇంకొక సంగతి ఉంది. ఈ జబ్బులో ఆత్మహత్యలు ఎక్కువ. ఆ చావుల్ని తగ్గిస్తుందని గట్టి సాక్ష్యం ఉన్న అతికొద్ది మందుల్లో లిథియం ఒకటి. అలాగని అన్నింటికీ ఇదే మందు కాదు. కేడ్ స్కిజోఫ్రినియా అనే వేరే మానసిక జబ్బు ఉన్న ఆరుగురికి కూడా ఇచ్చాడు, గొడవ కొంత తగ్గింది గానీ లోపలి జబ్బు అలాగే ఉంది. దానికి వేరే మందులున్నాయి. పక్కింటాయనకి బాగైంది కదా అని ఆయన బిళ్లలు మీవాడికి వేయకండి. దేశంలో ఈ బైపోలార్ జబ్బు ఉన్న నూటికి సుమారు 70 మంది వైద్యంలోనే లేరని 2015–16 జాతీయ సర్వేలో తేలింది. మన కొండల్లో ఎంతమందో మీరే ఊహించుకోండి.

తాళ్ల సంగతి. మా చిన్నాన్నని కట్టినవాళ్లు కిరాతకులు కాదు, మా తాతా నాన్నా. ఇంకేం చేయాలో తెలియక కట్టారు. తమిళనాడులో ఏర్వాడి దగ్గర 2001 ఆగస్టు 6న పాకకి నిప్పంటుకుంటే 28 మంది చచ్చిపోయారు, గొలుసులతో కట్టేసి ఉన్నారు కాబట్టి పారిపోలేకపోయారు. 2017 మానసిక ఆరోగ్య చట్టం గొలుసుల్ని నిషేధించింది. చట్టం రాసేశారు సరే, అర్ధరాత్రి మనిషి మీదపడితే ఇంటివాళ్లు ఎవరికి ఫోను చేయాలి? 14416 అని టెలి మానస్ నంబరు ఉంది, డబ్బులు పడవు, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు. రాసుకోండి. అది డాక్టరు ఇంటికి రావడంతో సమానం కాదు, నాకు తెలుసు. ఏమీ లేనప్పటికన్నా నయం.

టైమైందని మేస్టారు చూస్తున్నారు. మా పిన్ని క్యాలెండరు చెప్పి దిగిపోతాను.

ఆ చప్పిడి కూడు గండం గడిచాక మా పిన్ని ఎవర్నీ నమ్మడం మానేసింది. గోడకి తగిలించే తెలుగు క్యాలెండరు మీద తనే లెక్క రాయడం మొదలుపెట్టింది. చదువు రెండో తరగతి. చిన్నాన్న బిళ్ల వేసుకుంటే తిథి పక్కన చుక్క. పదింటిలోపు పడుకుంటే గీత. పడుకోకపోతే సున్నా. మూడు సున్నాలు వరసగా వస్తే ఏ పని ఉన్నా మానేసి బస్సెక్కించేది. ఆయన మాట వినేవాడు కాదు, 'బాగున్నాను కదే, ఇంకెందుకు' అనేవాడు. రెండుసార్లు మానేశాడు, రెండుసార్లూ తిరగబెట్టింది. డబ్ల్యు.బి. లాగే. నేను డాక్టరు చదువుకెళ్లాక కేడ్ వ్యాసం చదివి, ఆ రోగి ఇంట్లో ఇలాంటి పిన్ని ఉండుంటే అనుకున్నాను. చిన్నాన్న మరి ముప్ఫై ఏళ్లు బతికాడు. చొక్కాలు కుట్టాడు, కొలతలు తీసుకునే. (నవ్వులు) నాలుగేళ్ల కిందట గుండె ఆగి పోయాడు. అప్పటికి పద్ధెనిమిది క్యాలెండర్లు ఉన్నాయి ఇంట్లో, మిగతావి చెదలు తిన్నాయి.

ఎవరో చెయ్యెత్తారు. అడగండమ్మా.

(ఒక మహిళ: మా తమ్ముడికిలాగే ఉందండి. పెళ్లి చేస్తే కుదురుతాడంటున్నారు.)

పెళ్లి మందు కాదమ్మా. పెళ్లిలో వారం రోజులు నిద్రలుండవు, చుట్టాలూ సందడీ, కొత్త ఇల్లూ, అన్నీ ఎక్కుడు తెచ్చేవే. ముందు ఏడాది రెండేళ్లు కుదురుగా ఉండనివ్వండి. చేయకూడదని కాదు, చాలామంది చేసుకుని బాగానే ఉన్నారు. కానీ అమ్మాయివాళ్లకి చెప్పి చేయండి. దాచి చేస్తే వాడు మందు కూడా దాచుకుని వేసుకోవాలి, దాచుకునేవాడు వేసుకోడు. ఆడపిల్ల విషయమైతే, పిల్లల్ని కనాలనుకునే ముందే డాక్టరుతో మాట్లాడాలి. మందు మార్చాలో, మోతాదు మార్చాలో ముందే చూసుకోవాలి, ఎవరికి వాళ్లు ఠక్కున ఆపేయకూడదు.

(వెనక నుంచి ఒకరు: జీవితాంతం వేసుకోవాలాండి?)

చాలామందికి చాలా ఏళ్లు. ఎన్నేళ్లని నేను మైకులో చెప్పకూడదు, మనిషిని చూడాలి. ఎన్నిసార్లు వచ్చింది, ఎంత ఉధృతంగా వచ్చింది, మూత్రపిండాలు ఎలా ఉన్నాయి. ఆపాల్సి వస్తే మేమే నెలల తరబడి కొంచెం కొంచెం తగ్గిస్తాం. ఎవరికా మందు, మీకేనా? మీ అన్నగారికా. ఆయన కిందటిసారి రక్తం ఎప్పుడిచ్చారు? అయితే రేపు పొద్దున్న బిళ్ల వేసుకోకుండా, ఏడింటికల్లా, తీసుకురండి.